తొమ్మిదో అక్షరం

అబ్రాహాము పంతులు ఎల్లారెడ్డికి బదిలీ అడిగి మరీ వచ్చాడు. అడిగి వచ్చేంత గొప్ప ఉద్యోగమేమీ కాదది. కామారెడ్డి మిషను బడిలో ఇచ్చే జీతమే ఇక్కడా, పిల్లలు ఇంకా తక్కువ. కానీ 1933 వానాకాలంలో అతని భార్య రాజమణికి కలరా తగిలింది. పొద్దున చీపురు పట్టుకుని వాకిట్లోకి వచ్చిన మనిషి పొద్దుగూకేసరికి లేదు. పిల్లలు లేరు. రోజూ ఆ వాకిలి దాటి బడికి పోవడం అతని వల్ల కాలేదు.

ఎల్లారెడ్డిలో పాఠం చెప్పేవాడు, ఇంత ఉడకేసుకు తినేవాడు, పడుకునేవాడు. ఎవరైనా పలకరిస్తే బదులిచ్చేవాడు. తనంతట తాను ఎవరినీ పలకరించేవాడు కాదు. ఏడాది అట్లాగే గడిచింది.

ఒక అంగడి రోజు సంతలో చేపలు కొందామని పోచయ్య ముందు కూర్చున్నాడు. పోచయ్య బెస్తవాడు, అబ్రాహాముకన్నా రెండు మూడేళ్లు పెద్ద. నిజాంసాగర్ కట్టినప్పుడు మునిగిన ఊళ్లలో అతనిదీ ఒకటి. ఊరి జనం తలా ఒక దిక్కు పోయారు. పోచయ్యా మరో ఆరేడు ఇళ్లవాళ్లూ మాత్రం ఆ నీళ్ల ఒడ్డునే గుడిసెలు వేసుకుని, తమ ఊరి మీదనే వలలు విసిరి బతుకుతున్నారు. చేపల గంప పక్కన వల కుప్పగా పడి ఉంది. వల మునగడానికి అంచు పొడుగునా సీసం ముక్కలు కట్టి ఉన్నాయి. అందులో ఒకటి గుండ్రంగా ఉంది. దాని మీద తొండం ఎత్తిన చిన్న ఏనుగు ఉంది.

"ఇదేంది పోచయ్యా?"

"సీసం బిళ్ల పంతులూ. వల మునగాలె గద."

"ఎక్కడిది?"

"మా ఊరి పక్కపొంటి పాతదిబ్బ ఒకటుండె. ఇప్పుడు నీళ్లల్ల ఉన్నది. ఎండకాలం నీళ్లు ఎనకకు పోతే బురదల తేల్తయి. మా తాతల సంది ఏరుకచ్చి వలకు కట్టుకుంటున్నం."

అబ్రాహాము దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. వెనకవైపు నాలుగు గుండ్రాలు, వాటిని కలుపుతూ గీతలు. ఎప్పటిదో, ఎవరు పోతపోశారో. చేపల మాట మరిచిపోయి అట్లాగే కూర్చున్నాడు. పోచయ్య అతని ముఖం కాసేపు చూసి, వల దగ్గరికి లాక్కుని, దారాన్ని పళ్లతో కొరికి బిళ్ల ఊడదీసి చేతిలో పెట్టాడు.

"చేపకు పైసలియ్యి. దీనికేం వద్దు."

ఆ సాయంత్రం అబ్రాహాము అన్నం పొయ్యి మీద పెట్టి బిళ్ల చూస్తూ మాడగొట్టాడు. మాడిన అన్నమే తిన్నాడు. ఏడాది తరువాత మొదటిసారి, మర్నాడు ఏం చేయాలో అతనికి ముందే తెలిసింది.

వేసవి సెలవులు ఇవ్వగానే రెండున్నర కోసులు నడిచి పోచయ్య గుడిసెకు పోయాడు. పోచయ్య పెండ్లాం ఈరవ్వ అతన్ని ఎగాదిగా చూసింది. కిరస్తానీ పంతులు, అదివరకు ఏ వాడవాడో ఆమెకు తెలుసు. దాహమన్నాడు కాబట్టి దూరం నుంచి దోసిట్లోకి నీళ్లు పోసింది. అబ్రాహాము తాగి, మూతి తుడుచుకుని, పోచయ్య వెంట దిబ్బకు నడిచాడు.

నీళ్లు వెనక్కి పోయిన నేల అది. పైన పెచ్చు కట్టి, నెర్రెలు బారి, గట్టి నేలలాగే కనిపిస్తుంది. కింద ఎక్కడ గట్టిదో ఎక్కడ ఊబో కొత్తవాళ్లకు తెలియదు. అందుకని పోచయ్య ఒక కట్టుబాటు పెట్టాడు. దిగబడితే అందించడానికి ఒకరు వెదురుగడ పట్టుకుని గట్టి నేల మీద నిలబడాలి, ఒకరు వెతకాలి. అలసిపోతే మార్చుకోవాలి.

వెతకడం ఎట్లాగో కూడా పోచయ్యే నేర్పాడు. బిళ్ల కోసం చూడవద్దు, చూస్తే దొరకదు. ఊరకే నేల మీద కన్ను పరచాలి. పొద్దు వాలుగా ఉన్నప్పుడే వెతకాలి, నడినెత్తికి వస్తే అన్నీ ఒకటే రంగు. బురదలో నానిన సీసం నల్లగా ఉండదు, సున్నం పెట్టినట్టు తెల్లబడుతుంది. రాళ్లు వంకరగా ఉంటాయి, పెంకులు మొనదేలి ఉంటాయి. గుండ్రంగా తెల్లగా ఏదన్నా కంటి చివర తగిలితే అక్కడ ఆగాలి. చాలాసార్లు అది నత్తగుల్ల అవుతుంది. ఆ నత్తగుల్లలు చూసి చూసి విసిగిపోయాక, ఒకటి మాత్రం నత్తగుల్ల కాకుండా పోతుంది.

మొదటిది దొరికినప్పుడు అబ్రాహాము గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, వంగి తీయడానికి భయపడ్డాడు. తీశాక అక్కడే బురదలో కూలబడ్డాడు. గట్టు మీద గడ పట్టుకున్న పోచయ్య ఏమీ అడగలేదు. నవ్వుకుంటూ నిలబడ్డాడు. ఆ తరువాత అదే వాళ్ల పద్ధతైంది. దొరికినవాడు నోరు మెదపడు, ఉన్నచోట కూర్చుంటాడు. రెండోవాడికి అర్థమైపోతుంది. ఒక్కోరోజు పొద్దంతా వెతికినా కూర్చునే అవకాశం ఇద్దరికీ వచ్చేది కాదు. అయినా ఆ రోజు పాడైపోయిందని అబ్రాహాముకు ఎన్నడూ అనిపించలేదు.

మూడో ఏడు ఈరవ్వ నీళ్ల చెంబు చేతికిచ్చింది. ఆ సంగతి ఆమె ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు.

ఆ ఏడే అబ్రాహాము ఒకటి గమనించాడు. ఏనుగు చుట్టూ అంచు వెంబడి ఉన్నవి గీతలు కావు, అక్షరాలు. తెలుగు కాదు, ఉర్దూ కాదు, నాగరీ కాదు. ముద్ర కొట్టేటప్పుడు బిళ్ల అటో ఇటో జరిగిందేమో, ఏ బిళ్ల మీదా మొత్తం వరస లేదు. ఒకదాని మీద నాలుగు, ఒకదాని మీద మూడు, మిగిలినవి అంచు దాటిపోయాయి. అతను బిళ్ల మీద పలచని కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీశాడు. ఆ అచ్చులు గుడిసె ముందు చాప మీద పరిచాడు.

పోచయ్య వాటి మీదకు వంగాడు. బడి మొహం చూడని మనిషి. కాసేపటికి ఒక కాగితం తీసి మరోదాని పక్కన జరిపాడు.

"దీని చివర గాలమున్నది. దాని మొదలు గాలమున్నది. రెండు ఒకటే గాలం. గిట్ల అతుకుతది చూడు."

నిజంగానే అతికింది. ఒక అక్షరం గాలంలాగే ఉంది, అది మూడుసార్లు వస్తుంది. ఒకటి నిలువుగా వంకర తిరిగిన వానపాము, అది రెండుసార్లు. ఇంకోటి కప్పకాలు. పోచయ్య పెట్టిన పేర్లే ఖాయమయ్యాయి. ఈ వారం ఒక ముక్క, వచ్చే వారం ఒక ముక్క, 1937 వేసవి ముగిసేసరికి ఏనుగు చుట్టూ ఎనిమిది అక్షరాలు కుదిరాయి. ఇంకొక్కటి పట్టే ఖాళీ మిగిలింది. దొరికిన ప్రతి బిళ్లా సరిగ్గా అక్కడే అరిగో, విరిగో, అంచు దాటిపోయో ఉండేది.

"దీనవ్వ, ముందటి పన్ను ఊడిన నోరున్నట్టున్నది," అన్నాడు పోచయ్య. అబ్రాహాము నవ్వాడు. లోపల జొన్నరొట్టె కొడుతున్న ఈరవ్వ ఆ నవ్వు విని చేయి ఆపి బయటకు చూసింది.

"ఏమని రాసుంటది పోచయ్యా?"

"ఇంకేముంటది, మా ఊరి పేరు. ఊరు పక్కపొంటి దొరికె, ఊరి పేరే అయితది."

అబ్రాహాము కాదనలేదు. నాణెం మీద ఊరి పేరు ఉండకూడదని లేదు. అంతకన్నా, ఆ మాటన్నప్పుడు పోచయ్య నీళ్ల వైపు చూసిన చూపు చూశాక కాదనబుద్ధి కాలేదు.

"చదువుకున్నోనివి నువ్వు, చదువు లేనోన్ని నేను. గీ అక్షరాల ముందల ఇద్దరం ఒకటే గద పంతులూ," అన్నాడు పోచయ్య ఇంకోసారి. ఆ మాట అతనికి ఎంతో సంతోషంగా ఉన్నట్టుంది. తరువాత కూడా చాలాసార్లు అన్నాడు.

1938లో మిషను వాళ్లు అబ్రాహామును మళ్లీ కామారెడ్డికి పిలిపించారు. పెద్ద బడి, ఎక్కువ పని. అయినా వేసవి రాగానే మోటారెక్కి ఎల్లారెడ్డిలో దిగి, నడుచుకుంటూ పోయి పదిహేను రోజులు దిబ్బ మీదే ఉండేవాడు. ఏడాదంతా ఆ పదిహేను రోజుల కోసమే గడిపేవాడు. తొమ్మిదో అక్షరం మూడేళ్లు దొరకలేదు.

అది దొరికింది కామారెడ్డి బజారులో, 1940 చలికాలంలో.

యుద్ధం వచ్చి తగరం, సీసం ధరలు పెరిగాయి. జనం ఇంట్లో మూలనపడ్డ ముక్కలన్నీ తెచ్చి కళాయి వేసేవాడికి అమ్ముకుంటున్నారు. అబ్రాహాము ఇంటి గిన్నె ఒకటి కళాయికిచ్చి నిలబడ్డాడు. కళాయివాడి పక్కన గోనె మీద సీసం తుక్కు. అందులో ఏనుగు బిళ్ల. ఎప్పుడో ఎవరి వల నుంచో వచ్చి ఉంటుంది. తీసి తుడిచాడు. ముద్ర ఒక పక్కకు బాగా జరిగి ఉంది. ఇన్నేళ్లుగా కనపడనిచోటే కనిపిస్తోంది. కూడికలు నేర్పేటప్పుడు పలక మీద వేసే గుర్తులాంటి చిన్న అడ్డగీత, నిలువుగీత. అంతే.

కూర్చోలేదు. కూర్చోవాలని కూడా తోచలేదు. చుట్టూ జనం, ఎండ, కొలిమి పొగ. గిన్నెతోపాటు ఆ బిళ్లకు కూడా డబ్బులిచ్చి ఇంటికి వచ్చాడు. గొప్పగా ఏమీ అనిపించలేదు. పోచయ్య లేకుండా, వెతకకుండా దొరికింది.

అదే వీధిలో రుక్మాబాయి అని మరాఠీ ఆవిడ ఉండేది. చనిపోయిన ఆమె భర్త వకీలు, పుస్తకాల పిచ్చివాడు. పాత లిపుల పుస్తకమొకటి ఆ ఇంట్లో ఉందని అబ్రాహాము విన్నాడు. అచ్చుల కాగితం పట్టుకుపోయి చూపించాడు. ఆమె అద్దాలు పెట్టుకుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, పుస్తకంలో పట్టిక చూసి, గంటసేపట్లో తేల్చింది.

"రఞో సిరి సాతకణిస. శ్రీ శాతకర్ణి రాజుది అని అర్థం. రెండు వేల ఏళ్ల కిందటి రాజులు పంతులుగారూ. ఈ కూడిక గుర్తు 'క'. ఇది లేకపోయినా చదవొచ్చు. ఇన్ని రోజులు ఎవరికీ చూపించలేదా మీరు?"

లేదన్నాడు. ఎందుకు చూపించలేదో ఆమె అడగలేదు. అతనికి మాత్రం దారి పొడుగునా అదే ఆలోచన. ఎనిమిది అక్షరాలతో మూడేళ్ల కిందటే చదివించుకుని ఉండొచ్చు. ఎవరైనా చదువుతారని అతనికి తోచక కాదు. తోచింది. తోచినప్పుడల్లా పక్కకు నెట్టేశాడు. చదివేస్తే మళ్లీ వేసవి ఎందుకు?

ఇప్పుడు పోచయ్యకు ఏమని చెప్పాలి? నీ ఊరి పేరు కాదు, ఎవరో రాజుదని. నీళ్లలో పోయిన ఊరికి మిగిలిన ఆ ఒక్క ఆనవాలూ లేదని. చెబుదాంలే, వేసవిలో ఎదురుగా కూర్చుని నెమ్మదిగా చెబుదాంలే అనుకున్నాడు.

1941 వేసవిలో బిళ్లను రుమాలులో ముడేసి జేబులో పెట్టుకుని పోయాడు. పోచయ్య దారిలోనే ఎదురొచ్చాడు. జుట్టు నెరిసింది, దగ్గు పట్టుకుంది.

"ఈ ఏడు దొరుకుతది పంతులూ. నా కుడి కన్ను అదురుతున్నది."

అప్పుడు చెప్పలేకపోయాడు. అన్నం తిన్నాక చెబుదామనుకున్నాడు. అప్పుడూ చెప్పలేదు. మర్నాడు దిబ్బ మీదికి దిగారు. ఏం దొరికినా దాని మీద ఏముంటుందో అబ్రాహాముకు తెలుసు. నేల మీద కన్ను పరచుకోలేదు, నత్తగుల్లలూ బిళ్లలూ ఒక్కటే అయ్యాయి. ఒక బిళ్ల కాలి కింద తగిలితే తీయకుండా దాటిపోయాడు. గట్టు మీద పోచయ్య గడ పట్టుకుని, ఎండకు చేయి అడ్డం పెట్టుకుని, ఎప్పుడు కూర్చుంటాడా అని అతని వైపే చూస్తున్నాడు. ఆ చూపు భరించలేక అబ్రాహాము ఒకచోట ఊరకే కూర్చున్నాడు. పోచయ్య గబగబా దిగి వచ్చాడు.

"ఏదీ?"

"కాలు పట్టింది పోచయ్యా."

పోచయ్య కాలు పట్టుకుని పిసికాడు. పదిహేను రోజులుండాల్సినవాడు ఆరో రోజుకే బడి పనుందని చెప్పి కామారెడ్డి మోటారెక్కాడు.

మరుసటి వేసవి వెళ్లలేదు. ఒంట్లో బాగోలేదని తనకు తానే చెప్పుకున్నాడు. కబురు పంపుదామంటే పోచయ్యకు ఉత్తరం చదవడం రాదని చెప్పుకున్నాడు. ఎల్లారెడ్డి అంగడికి పోయేవాళ్లు కామారెడ్డిలో రోజుకు పదిమంది కనిపించేవాళ్లు. ఒక్కరితోనూ ఒక్క మాటా చెప్పి పంపలేదు.

జ్యేష్ఠంలో, బడి తెరిచిన వారానికి, ఎండుచేపలు అమ్మే ఆమె కామారెడ్డి వీధిలో అతన్ని చూసి గంప దించింది.

"పోచయ్య దోస్తువు నువ్వే గద పంతులూ. నీకెరుకైందా?"

పొద్దుటి మోటారుకు పోయాడు. గుడిసె ముందు ఈరవ్వ చేపలు ఆరబెడుతోంది. అతన్ని చూసి లేవలేదు, ఏడవలేదు. పక్కన కూర్చోమనీ అనలేదు. అతనే నేల మీద కూర్చున్నాడు. చేపలు ఆరబెడుతూనే ఆమె తనంతట చెప్పింది.

"ఈ ఏడు నీళ్లు మస్తు ఎనకకు పాయె. ఎన్నడు బయటపడని జాగ బయటపడ్డది. రోజు పొయ్యి చూసి వస్తుండె. పంతులు రానీ, ఇద్దరం పోతమనె. నువ్వు రాకపోతివి. నీ సెలవులు అయిపోవచ్చె. ఒక్కన్ని పొయ్యి ఒకటన్న తెచ్చిపెడుత, వచ్చినంక చూపియ్యాలె అనుకుంట పొయ్యిండు. నేను వద్దన్న. గడ కూడా కొంచపోలె, పట్టుకునేటోడు లేకపాయె గద. పొద్దుగూకినా రాకపోతే మావోళ్లు పొయ్యి చూసిండ్రు. నడుము దాకా దిగబడి ఉన్నడు. ఎంతసేపు ఎండల ఉన్నడో. తీసినంక రెండు దినాలు బతికిండు. మాట రాలె."

అబ్రాహాము రుమాలు ముడి విప్పి బిళ్లను ఆమె ముందు పెట్టాడు.

"ఇది నాకు ఏడాదిన్నర కిందటే దొరికింది ఈరవ్వా. కామారెడ్డిల. చదివించిన కూడా. ఆయనకు చెప్పలె."

ఆమె బిళ్ల వైపు చూసింది. ముట్టుకోలేదు.

"ఎందుకు చెప్పలె?"

"ఊరి పేరు కాదు అది. ఎవరో రాజు పేరు. చెప్తే ఆయన మనసు చిన్నబోతదని..."

"మా ఊరిని కూసోబెట్టింది మా మామ తండ్రి," అంది ఈరవ్వ. "అడివి కొట్టి, నాలుగిండ్లు కట్టి, తన తల్లి పేరు పెట్టిండు. రాజుల కాలంల మా ఊరు ఏడుంటది పంతులూ? ఆయనకు తెల్వదనుకున్నవా?"

అబ్రాహాము బిళ్ల మీంచి కళ్లెత్తాడు.

"మరి ఆ మాట ఎందుకు అనేటోడు?"

"నాకేమెరుక. నువ్వు పోయినంక నేనూ అడిగిన. ఎందుకట్ల చెప్తవు అని. గట్లంటె పంతులు ఇంకో ఏడు వస్తడు, లేకుంటె ఆడ ఇంట్ల ఒక్కడే కూసుంటడు అన్నడు." ఆమె ఒక చేపను తిరగేసి పెట్టింది. "ఒక్కోపారి ఆయనకే నిజమనిపించేదో ఏమో. నీళ్ల దిక్కు చూసుకుంట అనేటోడు."

ఎండ గుడిసె నీడను తోసుకుంటూ వచ్చింది. అబ్రాహాము క్షమించమని అడుగుదామనుకున్నాడు. ఆ మాట ఎన్నోసార్లు ప్రార్థనలో అన్నవాడు, ఇప్పుడు ఆమె ముందు నేల మీది చేప పొలుసులు ఏరుతూ కూర్చున్నాడు.

"చెప్పాల్సింది ఆయనకు," అంది ఈరవ్వ చివరికి. "నాకు చెప్తే నేనేం చెయ్యాలె?"

బిళ్లను తీసుకుపొమ్మంది. తీసుకున్నాడు. ఇన్నేళ్లుగా ఏరి పోచయ్య దగ్గర దాచిన బిళ్లలు ఏమయ్యాయని అడగబోయి ఆగిపోయాడు. గుడిసె పక్క ఆరేసిన కొత్త వల అంచున అవి వరసగా కట్టి ఉన్నాయి. ఈరవ్వ మరిది ఆ వలతోనే ఇప్పుడు చేపలు పడుతున్నాడు.

ఆ తరువాత రెండు వేసవులు అబ్రాహాము పోతూనే ఉన్నాడు. బియ్యమో, చీరో పట్టుకుపోయేవాడు. దిబ్బ వైపు పోయేవాడు కాదు. గుడిసె ముందు కూర్చుని, ఈరవ్వ పని చేసుకుంటుంటే చూసి, నీళ్లిస్తే తాగి, సాయంత్రం మోటారు వేళకు లేచేవాడు. ఇద్దరి మధ్యా నాలుగు మాటలుంటే ఎక్కువ. రుక్మాబాయి మాత్రం ఆ అచ్చులు హైదరాబాదులో పురావస్తు శాఖవాళ్లకు పంపమని పోరుతుండేది. పంపుతానని అనేవాడు, పంపలేదు.

రెండో ఏడు అతను లేచి చెప్పులు వేసుకుంటుంటే ఈరవ్వ పిలిచింది.

"పంతులూ, ఇంక రాకు."

అతను ఆగిపోయాడు.

"నీ మీద కోపమేం లేదు. కొన్ని దినాలుండె, పాయె. గని నువ్వు గా బాటెంబడి వస్తుంటే, నీ ఎనక ఆయన కూడా వస్తున్నడనిపిస్తది. లేచి బువ్వకు ఎసరు ఎక్కువ పెడుత. నువ్వు దగ్గరికి వచ్చినంక తెలుస్తది. ఇప్పటికి రెండుసార్లు గట్లనే అయింది. నాతోని అయితలేదు."

అబ్రాహాము తల ఊపాడు. వెళ్లొస్తానని అనబోయి, అనకుండానే బాట పట్టాడు. ఎల్లారెడ్డి చేరేసరికి మోటారు కదలబోతోంది. చివరి సీటులో చోటు దొరికింది. కండక్టరు ఎక్కడికి అని రెండుసార్లు అడిగాక కామారెడ్డి అని చెప్పాడు. ఆ తరువాత అతను మరి ఆ దారిన పోలేదు.